ఊరికే ఉండని ద్రవం

1839లో బెర్లిన్‌లో ఎడ్వర్డ్ సైమన్ అనే మందుల తయారీదారు స్టోరాక్స్ అనే చెట్టు బంకను నీళ్లలో వేసి మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి, నీళ్లలా పల్చగా ఉండే ఒక నూనె తీశాడు. కొన్ని నెలలు గడిచేసరికి సీసాలోని నూనె చిక్కబడి జిగురుముద్దయింది. అందులో ఎవరూ ఏమీ కలపలేదు, దాన్ని వేడి చేయలేదు. గాలిలోని ఆక్సిజన్ కలవడం వల్లే ఇలా జరిగిందని సైమన్ అనుకున్నాడు. 1845లో జాన్ బ్లైత్, ఆగస్ట్ హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్తలు ఆ నూనెను గాలి చొరబడకుండా మూసిన గాజు గొట్టంలో వేడి చేసి చూశారు. ఆక్సిజన్ లేకున్నా అది ముద్దకట్టింది. ముద్దలోని కార్బన్, హైడ్రోజన్ పాళ్లు నూనెలో ఉన్నవాటికి సమానంగా తేలాయి. అంటే బయటి పదార్థమేదీ అందులో చేరలేదు. మరి జరిగిందేమిటి? 1920లో హెర్మన్ స్టాడింగర్ దానికి జవాబు చెప్పాడు. వేల సంఖ్యలో చిన్న అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి గొలుసులుగా మారాయన్నాడు. అప్పట్లో చాలామంది ఆ మాట నమ్మలేదు. 1953లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ నూనెనే మనం ఇప్పుడు స్టైరీన్ అంటున్నాం. దాని ముద్ద పేరు పాలిస్టైరీన్. థర్మాకోల్, పెరుగు కప్పులు, టీవీల వెనక పెట్టెలు, ఫ్రిజ్ లోపలి అరలు అన్నీ దాని రూపాలే. ప్రపంచం ఏటా సుమారు 3 కోట్ల టన్నుల స్టైరీన్ తయారుచేస్తోంది. దీన్ని విషమని, మండే ద్రవమని పుస్తకాలు చెబుతాయి. రెండూ నిజమే. కానీ దీని అసలు ప్రమాదం సైమన్ సీసాలోనే, మొదటి కొద్ది నెలల్లోనే కనబడింది. ఈ ద్రవం ఊరికే ఉండదు. ఎవరూ ముట్టుకోకపోయినా లోపల తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఈ ఒక్క గుణాన్ని లెక్కచేయకపోతే ఏమవుతుందో 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం చూసింది.

స్టైరీన్ అణువులో ఎనిమిది కార్బన్, ఎనిమిది హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. బెంజీన్ వలయం ఒకటి, దానికి తోకలా రెండు కార్బన్‌లు. ఆ రెండు కార్బన్‌ల మధ్య ఉన్నది ద్విబంధం. కథంతా ఆ బంధంలోనే ఉంది. అది తెరుచుకుంటే పక్కనున్న స్టైరీన్ అణువును పట్టుకుంటుంది, దాని ద్విబంధం కూడా తెరుచుకుంటుంది, అది ఇంకొకదాన్ని పట్టుకుంటుంది. ఇలా ఒక అణువు కలిసిన ప్రతిసారీ కొంత వేడి బయటికొస్తుంది. కిలో స్టైరీన్ పూర్తిగా పాలిమర్‌గా మారితే దాదాపు 670 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. ఈ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే ఒక చిన్న లెక్క వేద్దాం. ట్యాంకులోని స్టైరీన్‌లో నూటికి ఒక వంతు గట్టిపడి, ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే, మిగతా ద్రవం సుమారు 4 డిగ్రీలు వేడెక్కుతుంది. నూటికి ముప్పై వంతులు మారితే చాలు, మామూలు ఎండవేడిలో ఉన్న ద్రవం తన మరుగుస్థానమైన 145 డిగ్రీలకు చేరిపోతుంది. నిప్పు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

పైగా వేడి పెరిగేకొద్దీ ఈ చర్య వేగం కూడా పెరుగుతుంది. 10 డిగ్రీలు పెరిగితే వేగం రెట్టింపు దాటుతుంది. వేగం పెరిగితే మళ్లీ వేడి, వేడి పెరిగితే మళ్లీ వేగం. సుమారు 65 డిగ్రీలు దాటాక ఇక దాన్ని పట్టి ఆపడం చాలా కష్టమని పరిశ్రమల మార్గదర్శకాలు చెబుతాయి. పరిమాణం కూడా ఇక్కడ శత్రువే. సీసాలో ఉన్న స్టైరీన్‌లో పుట్టిన వేడి గాజు గోడల గుండా బయటికి పోతుంది. అందుకే సైమన్ నూనె మెల్లగా ముద్దకట్టి ఊరుకుంది. రెండు వేల టన్నుల ట్యాంకు నడిమధ్యన పుట్టిన వేడికి గోడ ఎక్కడో మీటర్ల దూరంలో ఉంటుంది. పచ్చి మీదే గడ్డిని పెద్ద వామి వేస్తే లోపల కాగి, ఒక్కోసారి దానంతటదే అంటుకుంటుందని రైతులకు తెలుసు. అదే గడ్డిని పల్చగా పరిస్తే ఏమీ కాదు. కారణాలు వేరైనా లెక్క అదే: గుట్ట పెద్దదయ్యేకొద్దీ లోపలి వేడి బయటపడే దారి తగ్గిపోతుంది.

మరి ఇంత ద్రవాన్ని ఓడల్లో సముద్రాలు దాటించి, నెలల తరబడి ఎలా నిల్వ చేస్తున్నారు? టెర్షియరీ బ్యూటైల్ కేటకాల్ అనే పదార్థాన్ని, పరిశ్రమలో అందరూ టీబీసీ అని పిలిచేదాన్ని, అతి తక్కువ మోతాదులో కలుపుతారు. మామూలుగా పది లక్షల పాళ్ల స్టైరీన్‌కు 10 నుంచి 15 పాళ్లు, అంటే 10 నుంచి 15 పీపీఎం. గొలుసు మొదలయ్యేచోటే ఇది అడ్డుపడుతుంది. అడ్డుపడిన ప్రతిసారీ కొంత తాను ఖర్చయిపోతుంది. చల్లటి ట్యాంకులో నెలల పాటు ఉంటుంది, 40 డిగ్రీలు దాటిన చోట రోజుల్లోనే అయిపోవచ్చు. కాబట్టి ఎప్పటికప్పుడు నమూనా తీసి, ఎంత మిగిలిందో కొలిచి, తగ్గిన మేరకు మళ్లీ కలుపుతూ ఉండాలి.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటి ఉంది. టీబీసీ పనిచేయాలంటే స్టైరీన్‌లో కొంత ఆక్సిజన్ కరిగి ఉండాలి. మండే ద్రవం కనుక ట్యాంకు పైభాగంలో గాలి లేకుండా నైట్రోజన్‌తో నింపేస్తే మంచిదని ఎవరికైనా అనిపిస్తుంది. చాలా ద్రవాలకు అది మంచి పద్ధతే. స్టైరీన్ విషయంలో మాత్రం ఆక్సిజన్‌ను పూర్తిగా తీసేస్తే కాపలా కాసే టీబీసీ ట్యాంకులోనే ఉంటుంది గాని దాని చేతులు పడిపోతాయి. అగ్నిభయం కోసం తీసుకున్న జాగ్రత్త మరో భయానికి తలుపు తీస్తుంది. రసాయన భద్రతలో ఒక పదార్థానికి పనికొచ్చిన అలవాటును ఇంకొకదానికి అంటగట్టకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇంకో సంగతి. టీబీసీ మరుగుస్థానం 285 డిగ్రీల దగ్గర ఉంటుంది, అందువల్ల అది స్టైరీన్‌తో పాటు ఆవిరి కాదు. ట్యాంకులోంచి పైకి లేచిన ఆవిరిలో ఉండేది వట్టి స్టైరీన్. ఆ ఆవిరి పైకప్పు లోపలి ఇనుముకు తగిలి బొట్లు కడుతుంది. ఆ బొట్లకు కాపలా లేదు. అవి అక్కడే గట్టిపడి, కప్పు నుంచి ఊడల్లా వేలాడతాయి, గాలి గొట్టాలను మూసేస్తాయి. లోపలి పూత పోయి ఇనుము తుప్పు పట్టి ఉంటే ఆ తుప్పు చర్యను మరింత తొందరపెడుతుంది. అందుకే స్టైరీన్ ట్యాంకు లోపలి పూత ఎలా ఉంది, ఆవిరి పోయే దారులు తెరిచి ఉన్నాయా అన్నది ఎప్పటికప్పుడు చూస్తుండాలి.

చల్లదనం, టీబీసీ, ఆక్సిజన్, వీటితో పాటు నాలుగోది కలయిక. ద్రవాన్ని పంపుతో తిప్పుతూ ఉండాలి. లేకపోతే వేడెక్కిన ద్రవం తేలికై పైకి చేరుతుంది, చల్లటిది అడుగున ఉండిపోతుంది. ఉష్ణమాపకం అడుగున మాత్రమే ఉంటే అది చెప్పే అంకె నిజమే, కానీ ప్రమాదం పుడుతున్న చోటు గురించి అది ఏమీ చెప్పదు.

ఇప్పుడు విశాఖ సంగతికి వద్దాం. నగరం పశ్చిమాన, గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఉన్న కర్మాగారం 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైంది. అప్పుడది ఊరికి దూరం. 1997లో కొరియాకు చెందిన ఎల్జీ కెమ్ దాన్ని తీసుకుంది, పేరు ఎల్జీ పాలిమర్స్ అయింది. ఈలోగా నగరం దాని చుట్టూ పెరిగింది. 2020 నాటికి మన దేశంలో స్టైరీన్ తయారీ లేదు, అంతా దిగుమతే. కర్మాగారంలోని ఎం6 అనే పాత ట్యాంకులో అప్పుడు 1,800 టన్నులకు పైగా స్టైరీన్ ఉంది.

మార్చి 25న కరోనా లాక్‌డౌన్ మొదలైంది. పాలిస్టైరీన్ తయారీ ఆగిపోయింది. తయారీ ఆగినా ట్యాంకులోని ద్రవం మాత్రం ఆగలేదు. మామూలు రోజుల్లో కొత్త సరుకు వస్తూ, పాతది యంత్రాల్లోకి పోతూ ఉంటుంది. ఇప్పుడు అదే సరుకు వారాల తరబడి కదలకుండా ఉంది, బయట వేసవి ముదురుతోంది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ జులై 6న ఇచ్చిన నివేదిక చదివితే, పైన చెప్పిన నాలుగు కట్టుబాట్లూ ఎక్కడెక్కడ తప్పాయో వరసగా కనిపిస్తుంది. శీతలీకరణ యంత్రాన్ని రోజంతా నడపకుండా సాయంత్రం ఆపేసేవారు. ట్యాంకు ఉష్ణోగ్రతను అడుగున మాత్రమే కొలిచేవారు. మధ్యలో, పైన మాపకాలు లేవు. 2019 డిసెంబరులో గొట్టాల అమరికలో చేసిన ఒక మార్పు వల్ల పైభాగంలోని ద్రవం సరిగా కలవడం మానేసింది. కలపడానికి కావలసినంత టీబీసీ కర్మాగారంలో లేదు. కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే ఏర్పాటూ లేదు.

వీటిలో ఏ ఒక్కటీ అర్ధరాత్రి హఠాత్తుగా జరిగింది కాదు. వారాలుగా, కొన్నయితే ఏళ్లుగా ఉన్న లోపాలు.

మే 7 తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో ఎం6 మీది గొట్టాల్లోంచి ఆవిరి బయటికి చిమ్మింది. ఆ ట్యాంకు ఉష్ణోగ్రత 150 డిగ్రీలు దాటినట్టు తర్వాత నమోదైంది. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లకు పైగా బరువు. పొగలా ఆకాశంలోకి పోయి చెదిరిపోదు, నేలబారున పాకుతుంది. మే నెల, తెల్లవారుజాము, జనం గాఢనిద్రలో ఉన్న వేళ. మేలుకున్నవాళ్లు తెల్లటి మంచులాంటి తెర మధ్య నుంచి పరుగెత్తారు. పరుగెత్తుతూనే రోడ్డు మీద కూలిపోయారు. బళ్ల మీద పోతూ పడిపోయారు. ఎక్కడి పశువులు అక్కడే చచ్చిపడ్డాయి. నగరంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లోనూ ఇతర ఆసుపత్రుల్లోనూ వందల మందిని చేర్చారు. 12 మంది చనిపోయారు. పిల్లలూ ఉన్నారు. కర్మాగారంలో సైరన్ మోగించగల చోట్లు 36 ఉన్నాయని కమిటీ లెక్కపెట్టింది. ఆ రాత్రి ఒక్క సైరనూ మోగలేదు. ఈ ఒక్క వాక్యం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. రసాయన శాస్త్రం ఎంత క్లిష్టమైనా కావచ్చు, మీట నొక్కడానికి శాస్త్రం అక్కర్లేదు.

తర్వాత గుజరాత్ నుంచి విమానంలో టీబీసీ తెప్పించారు. ట్యాంకును చల్లబరిచారు. మిగతా ట్యాంకుల్లో ఉన్న వేల టన్నుల స్టైరీన్‌ను ఓడల్లో కొరియాకు తిప్పి పంపించారు. జాతీయ హరిత ట్రైబ్యునల్ 50 కోట్ల రూపాయలు కట్టమని సంస్థను ఆదేశించింది. ప్రమాదకర పదార్థంతో వ్యాపారం చేసేవాడు ఎవరి తప్పు ఎంతన్న వాదనతో సంబంధం లేకుండా నష్టానికి పూర్తి బాధ్యుడన్న సూత్రాన్ని మళ్లీ చెప్పింది. భోపాల్ తర్వాత, ఢిల్లీలో ఒలియం వాయువు కేసులో సుప్రీంకోర్టు స్థిరపరచిన సూత్రమది.

భోపాల్ పేరు వచ్చింది కనుక ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. 1984 డిసెంబరు 2 రాత్రి అక్కడ లీకైన మిథైల్ ఐసోసయనేట్ వేరే పదార్థం, స్టైరీన్ కంటే ఎన్నో రెట్లు ఘోరమైన విషం. కానీ అక్కడా ట్యాంకులో నిల్వ ఉన్న ద్రవమే, అందులో నీళ్లు చేరడంతో, వేడెక్కింది. అక్కడా దాన్ని చల్లగా ఉంచాల్సిన శీతలీకరణ యంత్రాన్ని నెలల ముందే ఆపేశారు. ముప్పై అయిదేళ్లకు పైగా తేడాతో, రెండు చోట్లా తయారీ నడవని రోజుల్లోనే ప్రమాదం జరిగింది. తయారీ ఆగితే ప్రమాదం కూడా ఆగుతుందన్న భ్రమ రెండు చోట్లా ఉంది. అమెరికాలోని సిన్సినాటిలో 2005 ఆగస్టులో రైలు పట్టాల మీద నెలల తరబడి వదిలేసిన ఒక స్టైరీన్ వ్యాగన్ కూడా ఇలాగే వేడెక్కి ఆవిరి చిమ్మింది. చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది.

ఇక స్టైరీన్ ఒంట్లోకి పోతే ఏమవుతుందో చూద్దాం.

దీని వాసన తియ్యగా ఉంటుంది. గాలిలో ఒక పీపీఎంలో పదో వంతు ఉన్నా చాలామంది ముక్కు పసిగడుతుంది. అది మేలే, కానీ ఎక్కువసేపు ఆ గాలిలో ఉంటే ముక్కు అలవాటు పడిపోతుంది. వాసన రావడం లేదంటే గాలి బాగుపడిందని కాదు. అమెరికాలో వృత్తి ఆరోగ్య నిపుణుల సంఘం రోజుకు ఎనిమిది గంటల పనికి సగటు పరిమితిని 10 పీపీఎంగా సూచిస్తోంది. అక్కడి చట్టం ప్రకారం పరిమితి ఇప్పటికీ 100. ఈ రెండు అంకెల మధ్య దూరమే చెబుతుంది, శాస్త్రం నడిచినంత వేగంగా చట్టం నడవదని. 700 పీపీఎం దగ్గర ఉన్నవాళ్లు వెంటనే బయటపడాలి, లేకపోతే ప్రాణాపాయం. 25 డిగ్రీల వేడిలో, మూసిన గదిలో స్టైరీన్ ఒలికి గాలి దాని ఆవిరితో పూర్తిగా నిండితే అది 8,000 పీపీఎం దాటుతుంది. ప్రాణాపాయ స్థాయికి పదిరెట్ల పైమాట.

మొదట కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది, దగ్గు వస్తుంది. ఆ తర్వాత మెదడు మీద పనిచేస్తుంది: తల తిరగడం, వాంతి, తూలిపోవడం, స్పృహ తప్పడం. వెంకటాపురంలో జనం పరుగెత్తుతూ పడిపోయింది ఇందుకే. కాళ్లలో సత్తువ లేక కాదు, కాళ్లను నడిపే మెదడు మత్తెక్కిపోయింది. మోతాదు మరీ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

రక్తంలోకి పోయిన స్టైరీన్‌ను కాలేయం, ఊపిరితిత్తులు స్టైరీన్ ఆక్సైడ్‌గా మారుస్తాయి. శరీరం దాన్ని వదిలించుకునే దారిలో ఇదొక మెట్టు. కానీ ఆ మెట్టు మీద ఉన్న కాస్సేపూ అది డీఎన్‌ఏకు అతుక్కోగలదు. ఆ తర్వాత మేండెలిక్ ఆమ్లంగా మారి మూత్రంలో పోతుంది. పనివాళ్ల ఒంట్లోకి ఎంత స్టైరీన్ పోయిందో తెలుసుకోవడానికి మూత్రంలో ఈ ఆమ్లాన్నే కొలుస్తారు. ఎలుకల జాతుల మధ్య ఇక్కడ తేడా ఉంది. చుంచెలుకల ఊపిరితిత్తులు స్టైరీన్‌ను త్వరగా ఆక్సైడ్‌గా మారుస్తాయి, వాటికి ఊపిరితిత్తుల్లో కంతులు వచ్చాయి. పెద్ద ఎలుకలకు అలా రాలేదు. మనుషులు ఎవరి వైపు అన్నది ఏళ్లపాటు సాగిన వాదన. ఫైబర్‌గ్లాస్ పరిశ్రమ పనివాళ్లలో రక్తసంబంధమైన క్యాన్సర్ల మీద వచ్చిన ఆధారాలను కూడా చూసి, ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2018లో స్టైరీన్‌ను ‘మానవులకు బహుశా క్యాన్సర్ కలిగించేది’ అన్న వర్గంలోకి మార్చింది. అంటే ఒక్కసారి పీల్చిన ప్రతివాడికీ క్యాన్సర్ వస్తుందని కాదు. ఏళ్ల తరబడి రోజూ పీల్చేవాళ్ల విషయంలో తేలిగ్గా తీసుకోకూడదని.

ఆ రోజూ పీల్చేవాళ్లు ఎవరు? మన తీరంలోనే ఉన్నారు. విశాఖ, కాకినాడ రేవుల్లో ఫైబర్ తెప్పలకు చిల్లు పడితే పాలిస్టర్ రెజిన్ పూసి, గాజుపీచు గుడ్డ అతికి సరిచేస్తారు. ఆ రెజిన్‌లో మూడో వంతుకు పైగా స్టైరీనే ఉంటుంది. పూసిన రెజిన్ గట్టిపడేలోగా అందులో కొంత గాలిలోకి లేస్తుంది. కార్ల డెంటింగ్ షెడ్డులో వాడే పాలిస్టర్ పుట్టీ కూడా అదే జాతి. ఫైబర్ నీళ్ల ట్యాంకులు, రేకులు చేసే చిన్న షెడ్లలోనూ అదే వాసన. వీళ్లలో చాలామంది ముఖానికి కట్టుకునేది ఒక జేబురుమాలు. స్టైరీన్ ఆవిరికి జేబురుమాలు అడ్డేమీ కాదు. యాక్టివేటెడ్ బొగ్గు గుళిక ఉన్న మాస్కు కావాలి, అంతకంటే ముందు గాలి ఆడే చోటు కావాలి. ఎక్కువ కాలం పీల్చే పనివాళ్లలో రంగుల తేడా సరిగా తెలియకపోవడం, వినికిడి తగ్గడం పరిశోధకులు గుర్తించారు. హోరెత్తే యంత్రాల మధ్య పనిచేసేవాడు చెవులు పోతే ఆ మోతనే తప్పుపడతాడు. సగం తప్పు గాలిలో ఉండవచ్చు.

థర్మాకోల్ పళ్లెంలో తింటే విషమా అని చాలామంది అడుగుతారు. గట్టిపడిన పాలిస్టైరీన్‌లో స్టైరీన్ చాలా కొద్దిగా మాత్రమే మిగిలి ఉంటుంది. దాల్చినచెక్కలో, కాఫీ గింజల్లో కూడా సహజంగా స్టైరీన్ జాడలు ఉంటాయి. అయితే వేడివేడి నూనె వంటకం పోస్తే మిగిలినదాంట్లో కొంత ఎక్కువగా దిగుతుంది కనుక వేడి కూర, సాంబారు అందులో వద్దు. అంతకంటే పెద్ద పొరపాటు చెత్తతో పాటు థర్మాకోల్‌ను తగలబెట్టడం. కాలేటప్పుడు గొలుసులు తెగి మళ్లీ స్టైరీన్ బయటికొస్తుంది, నల్లటి మసి, కార్బన్ మోనాక్సైడ్ తోడవుతాయి. వినాయక మంటపాల అలంకరణ ముగిశాక వీధి చివర పెట్టే ఆ మంట చుట్టూ చేరేది పిల్లలే.

స్టైరీన్ మండే గుణం గురించి ఒక్కమాట. 31 డిగ్రీలకే దీని మీద పేరుకున్న ఆవిరి నిప్పురవ్వ తగిలితే అంటుకోగలదు. అంటే మన ఎండాకాలం మధ్యాహ్నం ప్రతి రోజూ అది ఆ గీత దాటే ఉంటుంది. గాలిలో ఒక శాతం ఆవిరి ఉంటే చాలు. వెంకటాపురంలో నిప్పు అంటుకోలేదు. అంటుకుని ఉంటే ఈ అధ్యాయంలోని అంకెలు వేరుగా ఉండేవి.

అలాంటి ఆవిరి మీ వీధిలోకి వస్తే? గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా నడవండి, గాలి పోతున్న దిక్కునే పరుగెత్తితే ఆవిరి కూడా మీతోపాటే వస్తుంది. పల్లంలోకి, బావుల దగ్గరికి, కాలవ గట్టు కిందికి పోవద్దు. బరువైన ఆవిరి అక్కడే చేరుతుంది. బయటపడే వీలు లేకపోతే పై అంతస్తులోకి పోయి కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కండి. తెల్లటి తెర కనిపిస్తున్న చోట బండి స్టార్ట్ చేయవద్దు, లైటు మీట నొక్కవద్దు. తడిగుడ్డ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. అమ్మోనియా, క్లోరిన్ లాంటివి నీళ్లలో కరుగుతాయి కనుక వాటికి తడిగుడ్డ కొంతైనా పనిచేస్తుంది. స్టైరీన్ నీళ్లలో దాదాపు కరగదు. తడిగుడ్డ గాలిలోని తుంపరలను ఆపవచ్చు గాని ఆవిరిని ఆపలేదు. అది కట్టుకున్నామన్న ధైర్యంతో అక్కడే నిలబడవద్దు. పాలు, బెల్లం, అరటిపండు దీనికి విరుగుడు కావు. స్టైరీన్‌కు విరుగుడు మందే లేదు. మంచి గాలి, ఆక్సిజన్, తడిసిన బట్టలు తీసేయడం, కళ్లను పదిహేను నిమిషాల పాటు ధారగా నీళ్లతో కడగడం, ఆసుపత్రి. వైద్యమంతా ఇంతే. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయవద్దు.

కొంత ఊరట ఏమిటంటే స్టైరీన్ మొండిగా నిలిచిపోయే విషం కాదు. గాలిలో సూర్యరశ్మి వల్ల జరిగే చర్యలతో గంటల వ్యవధిలో విచ్ఛిన్నమవుతుంది. ఒంట్లోంచి కూడా చాలా భాగం కొద్ది రోజుల్లో పోతుంది. కొవ్వులో చేరినది కాస్త ఆలస్యంగా పోతుంది. కానీ ఆ రాత్రి పీల్చినవాళ్లను ఏళ్ల తరబడి వైద్యులు కనిపెట్టి చూడాల్సిందే. ఊపిరితిత్తులకు, నరాలకు జరిగిన నష్టం రక్తంలోని స్టైరీన్ పోయినంత మాత్రాన పోదు.

ఈ చదువంతా కర్మాగారం గోడ లోపలివాళ్లకు ఎలాగూ తెలుసు, తెలిసి తీరాలి. గోడ బయటివాళ్లకు తెలియకపోవడమే నన్ను బాధించేది. వెంకటాపురంలో దశాబ్దాలుగా బతికిన కుటుంబాలు ఆ ట్యాంకుల్లో ఉన్నదేమిటో, అది లీకైతే ఎటు పోవాలో తెలియకుండానే ఆ రాత్రి మేలుకున్నాయి. చట్టం మాత్రం వేరుగా చెబుతోంది. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు 1989లోనే వచ్చాయి. పెద్ద ప్రమాదం జరిగితే నష్టపోయే అవకాశమున్న చుట్టుపక్కల జనానికి ఆ ప్రమాదం స్వభావమేమిటో, అప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో ముందుగానే చెప్పాల్సిన బాధ్యత వాటి ప్రకారం సంస్థదే. గోడ బయట అమలు చేయాల్సిన అత్యవసర ప్రణాళిక జిల్లా యంత్రాంగం దగ్గర ఉండాలి. దాని ప్రకారం కసరత్తు కూడా జరగాలి. 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన 41బి సెక్షన్ కూడా ఇదే చెప్పింది.

మీ ఇల్లు విశాఖలోనో, పరవాడలోనో, జీడిమెట్లలోనో, పటాన్‌చెరులోనో ఒక కర్మాగారం పక్కన ఉంటే, మీ గ్రామసభలోనో కాలనీ సంఘంలోనో రాతపూర్వకంగా ఈ ప్రశ్నలు అడగండి: ఆ ట్యాంకుల్లో ఉన్నదేమిటి? కరెంటు పోతే, సెలవులొస్తే, లాక్‌డౌన్ వస్తే దాన్ని రాత్రింబవళ్లు ఎవరు చూస్తారు? సైరన్ ఎలా మోగుతుంది, చివరిసారి మోగించి చూసిందెప్పుడు? మోగితే మేం ఎటు పోవాలి? జవాబు రాకపోతే కలెక్టరును అడగండి, ఫ్యాక్టరీల తనిఖీ అధికారిని అడగండి. ఆ జవాబు తెలుసుకోవడం మీ హక్కు.